గడియ ఉన్న గది

ఉత్తరం:

‘టీచరు గారికి ప్రభువు నామంలో వందనాలు. నా వయసు 36. కన్నవారిది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె, అత్తవారిది పర్లాకిమిడి. మా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. ఏడాదిన్నరగా సోంపేటలో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ప్రతి బుధవారం నేను మా వీధిలో స్త్రీల కూటానికి వెళ్తాను. అక్కడ అందరూ వంతులవారీగా పైకి ప్రార్థన చేస్తారు. కొందరు ఇరవై నిమిషాలు గ్రంథంలో మాటలతో గలగలా చేసేస్తారు. నా వంతు వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. నోరు తెరిస్తే మా ఉద్దానం యాస వస్తుంది, వెనక నవ్వుకుంటారు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నా అంతే. పెదాలు కదులుతాయి గాని మనసు మందుల చీటీ మీద, బస్సు టైము మీద ఉంటుంది. ఒక్కోసారి దేవుడి మీదే కోపం వస్తుంది. మొన్న వాక్యం చెప్పడానికి వచ్చిన ఒకాయన, “మీ ప్రార్థనలో నిజం లేదు, అందుకే మీ అమ్మకు తగ్గట్లేదు. ఏదో పాపం ఒప్పుకోలేదు. మెషిను మానేసి ఉపవాసం పట్టండి” అన్నారు. అమ్మ మనసు కూడా అటే ఊగుతోంది. మా పెద్ద తోటికోడలు కూడా ఆ కూటానికే వస్తుంది. ఆమె ఎదురుగా ఉంటే నాకు మరీ నోరు రాదు. మాకు రెండేళ్ళుగా మాటల్లేవు, నేనూ ఒక మాట అన్నాను, అది వేరే విషయం. నిజమైన ప్రార్థన అంటే ఏమిటో బైబిల్లోంచే చెప్పండి. మా ఎనిమిదేళ్ళ పాప ఒడియా బడిలో చదువుతుంది. రాత్రి “ప్రభు, అమ్మమ్మకు భల కరిదిఅ” అని ఒక్క ముక్క అనేసి నిద్రపోతుంది. దానికి కూడా సరిగ్గా నేర్పలేకపోతున్నాను.’

సమాధానం:

అమ్మా,

వయసులో నా కూతురంతదానివి, నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగినదానికి తర్వాత వస్తాను. ముందు, మెషిను మానొద్దు. ఒక్క పూట కూడా మానొద్దు. ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మావారికి 2013లో కిడ్నీలు పోయాయి. నేను గుణుపురంలో తెలుగు టీచరుగా ఉండేదాన్ని. సెలవు పెట్టి, బరంపురంలో అద్దెకు ఒక గది తీసుకుని వైద్యం చేయించాను. మాకూ ఒక పెద్దమనిషి ఇలాగే చెప్పాడు. భయమూ భక్తీ కలిసిపోయి ఉన్న రోజులవి, విని ఒక పూట మానేశాం. ఆ రాత్రి ఆయనకు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడలేదు. నాలుగు దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాను. తెల్లవారకముందే ఆటోలో పరుగెత్తాం. కిడ్నీ పనిచేయనప్పుడు ఒంట్లో మిగిలిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మానమని చెప్పిన మనిషి ఆ రాత్రి మా దగ్గర లేడు.

బైబిల్లోంచే చెప్పమన్నావు కదా. యెషయా గ్రంథం 38వ అధ్యాయం తీసి మీ అమ్మకు చదివి వినిపించు. హిజ్కియా రాజుకు చావు రోగం వచ్చింది. గోడవైపు ముఖం తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దేవుడు ఆ కన్నీళ్ళు చూశానన్నాడు, 15 ఏళ్ళు ఆయుష్షు పెంచుతానన్నాడు. చాలామంది అక్కడే పుస్తకం మూసేసి సాక్ష్యం చెప్పేస్తారు. అధ్యాయం చివరిదాకా వెళ్ళు. అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమని యెషయా చెప్పిన మాట ఉంటుంది. దేవుడి మాట తెచ్చిన ప్రవక్తే కట్టు కూడా కట్టించాడు. ఆ కాలానికి అదే మందు. సోంపేటలో మీ అమ్మ పక్కన తిరిగే మెషిను ఈ కాలం అంజూరపు ముద్ద అనుకో.

‘ఏదో పాపం ఒప్పుకోలేదు’ అన్న మాట సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల మీ ఉద్దానం కొబ్బరితోటల్లో ఏళ్ళ తరబడి మనుషులు ఈ జబ్బుతో పోతున్నారు. నీళ్ళు పరీక్ష చేశారు, మట్టి పరీక్ష చేశారు, ఇదీ కారణం అని ఇంకా తేల్చలేదు. డాక్టర్లే తేల్చలేనిదాన్ని ఈయన ఒక్క బుధవారంలో తేల్చేశాడు! పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల వీడిలా పుట్టాడు, వీడిదా వీడి అమ్మానాన్నలదా అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరిదీ కాదన్నాడు. అది యోహాను 9లో ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురడిగాడు. అది లూకా 13. మళ్ళీ ఎవరైనా ఆ మాట ఎత్తితే ఈ రెండూ చెప్పు. వినకపోతే ఆ కూటం మానేసినా నష్టం లేదు.

ఇక నువ్వడిగిన దాని దగ్గరికి వస్తాను. ప్రార్థన గురించి యేసు మొదట చెప్పింది, ఎలా చేయకూడదో. మత్తయి 6లో ‘వేషధారులవలె ఉండవద్దు’ అంటాడు. ఆ మాటకు మూల గ్రీకులో ఉన్నది నాటకాల్లో వేషం కట్టేవాడి పేరు. మన తెలుగు బైబిలు వేషధారి అని పెట్టింది, ఇంతకంటే బాగా ఎవరూ పెట్టలేరనిపిస్తుంది. మన పల్లెల్లో రాత్రంతా భాగవతం ఆడే మనిషిని చూశావు కదా. సత్యభామ వేషంలో ఏడుస్తాడు, ఏడుపు బాగుంటుంది, జనం చదివింపులు చదివిస్తారు. తెల్లారి రంగు కడుక్కుని ఇంటికి వెళ్తాడు. ఆడేవాడిలో తప్పు లేదు, అది వాడి కళ. కాని దేవుడి ముందు కూడా వేషమేనా అన్నది ఆయన ప్రశ్న. ఆ వెంటనే ‘వారు తమ ఫలము పొంది యున్నారు’ అంటాడు. అది అప్పట్లో రసీదుల మీద రాసే మాట. సొమ్ము పూర్తిగా ముట్టింది, ఇక బాకీ లేదు అని. జనం మెచ్చుకోవాలని చేశావు, మెచ్చుకున్నారు, లెక్క సరి.

ఇది చదివినప్పుడల్లా నాకు తల వంగిపోతుంది. ఆయనకు జబ్బు చేయకముందు మా సంఘంలో పైకి ప్రార్థన చేయమంటే నా పేరే ముందు పిలిచేవాళ్ళు. తెలుగు టీచర్ని కదా, ‘మహోన్నతుడా, మహాఘనుడా, కృపాసంపన్నుడా’ అని మొదలుపెడితే సమాసాలు వాటంతటవే వచ్చేవి. ఆదివారం చర్చి విడిచాక ‘ఇవాళ మీ ప్రార్థన ఎంత బాగుందండీ’ అన్నవాళ్ళను దారిపొడవునా లెక్కపెట్టుకుంటూ ఇంటికి వెళ్ళేదాన్ని. ఎప్పుడైనా ఇద్దరే అంటే ఆ పూట అన్నం సహించేది కాదు. నాకన్నీ రసీదులే అమ్మా.

బరంపురం వెళ్ళాక ఆ మాటలు ఒక్కటి కూడా రాలేదు. ఆ అద్దె ఇంట్లో ఒకే గది, మూలన స్టవ్వు, వచ్చేపోయే చుట్టాలు. గడియ ఉన్నది బాత్రూముకొక్కదానికే. బకెట్టు కింద పెట్టి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. ‘నాకు చేతకావడం లేదు’ అనేదాన్ని. దేవా అని పిలవడం కూడా ఒక్కోసారి మరిచిపోయేదాన్ని. బకెట్టు నిండి నీళ్ళు పొర్లేదాకా అంతే. పక్కింటావిడ నీళ్ళు దుబారా చేస్తున్నానని ఇంటి ఓనరుకు చెప్పింది కూడా.

‘నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి’ ప్రార్థన చేయమన్న చోట గ్రీకులో ఉన్న మాటకు అర్థం ఏమిటో నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. గది అంటే పూజగదో, ప్రార్థన కోసం కట్టుకున్న గదో కాదు. ధాన్యమూ సామానూ దాచుకునే లోపలి కొట్టు. కాకులకు ‘గరిసె లేదు, కొట్టు లేదు’ అని లూకా 12లో ఉంది చూడు, అక్కడ గరిసె అని తెలుగు చేసినది ఈ మాటనే. బస్తాలూ బానలూ ఎలకలూ ఉండే చోటు. అక్కడ నిన్ను చూసి మెచ్చుకునేవాళ్ళు ఉండరు, నవ్వేవాళ్ళూ ఉండరు. వేషం కట్టినా చూసే జనం లేరు. ఇది తెలిశాక మా బాత్రూము మీద నాకు గౌరవం పెరిగింది.

నిజమైన ప్రార్థన అంటే మనసు పొంగిపోవడం, కన్నీళ్ళు రావడం, ఒళ్ళు పులకరించడం అని నువ్వు అనుకుంటున్నావేమోనని నా అనుమానం. అలా వచ్చే రోజులుంటాయి, రాని రోజులు ఎక్కువ. నాకు అర్థమైనంతలో లేఖనాలు అడిగేది అది కాదు. ఉన్నదాన్ని దాచకుండా చెప్పమంటాయి, అంతే. లూకా 18లో ఇద్దరు దేవాలయానికి వెళ్తారు, ఒకడు నిష్ఠాపరుడైన పరిసయ్యుడు, ఇంకొకడు పన్నులు వసూలు చేసే సుంకరి. పరిసయ్యుడు చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం నిజమే, దశమభాగం నిజమే. కాని ప్రతి మాటా ‘నేను’ చుట్టూ తిరుగుతుంది, పక్కనున్న సుంకరిని వేలెత్తి చూపిస్తుంది. సుంకరి దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ అన్నది నాలుగు మాటలు. ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ ఇందులో ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. ఈ కథ విన్నాక మనం ‘ప్రభువా, నేను ఆ పరిసయ్యుడిలాంటిదాన్ని కాను’ అనేస్తాం. నేను అన్నాను కూడా!

అలాగని పొడుగు ప్రార్థన తప్పని కాదు. యోహాను 17 మొత్తం ఒకే ప్రార్థన. దేవాలయ ప్రతిష్ఠ నాడు సొలొమోను చేసింది ఇంకా పెద్దది. మీ కూటంలో ఇరవై నిమిషాలు చేసేవాళ్ళలో గుండెలోంచి చేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళను కొలవడం మన పని కాదు. నేను నా సంగతి మాత్రమే చెప్పాను.

యాస గురించి సిగ్గుపడుతున్నావు. నువ్వున్న ఊరు ఎవరిదో తెలుసా? గిడుగు రామమూర్తి పంతులు గారిది. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పినవాడు. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వాచకాలూ నిఘంటువూ తయారుచేసినవాడు. మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడినవాడు. అలాంటాయన తిరిగిన వీధుల్లో కూర్చుని గ్రాంథికం రాలేదని ఏడుస్తున్నావు నువ్వు. మన బైబిలు గ్రాంథికంలో ఉంది, చదవడానికి దాని అందం దానిది. అంతమాత్రాన దేవుడికి గ్రాంథికం తప్ప రాదని కాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రాణం మీదికొచ్చినప్పుడు తండ్రిని పిలిచిన పిలుపు ‘అబ్బా’. అది ఆయన మాట్లాడే అరామిక్‌లో తండ్రిని పిలిచే మాట. సువార్త రాసినవాడు గ్రీకులో రాస్తూ కూడా ఆ ఒక్క మాటనూ మార్చకుండా అలాగే ఉంచేశాడు. సిలువ మీద వేసిన కేక కూడా అంతే. ‘ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ.’ నొప్పి పుట్టినప్పుడు ఎవరికైనా పుట్టినింటి మాటే వస్తుంది. ‘దేవుడా, మాయమ్మకి ఒళ్ళు పొంగిపోతంది, నానింక తిరగలేకపోతన్నాను, ఏటి సెయ్యాలో తెల్దు’ అని చెప్పు. ఇందులో దిద్దవలసింది ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు ఎర్రసిరాతో దిద్దినదాన్ని, నా మాట నమ్ము.

కోపం వస్తోందన్నావు. అది కూడా ఆయనకే చెప్పు. 13వ కీర్తన తీయి, ఆరు వచనాలే. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని మొదలవుతుంది. ఎన్నాళ్లవరకు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. 88వ కీర్తన ఇంకా ఘోరం. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తుతిలోకి మళ్ళుతాయి, ఇది మళ్ళదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి. ఆ కీర్తనను కూడా తీసేయకుండా ప్రార్థనల పుస్తకంలో ఉంచారు. యోబు గ్రంథం చివర దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో గుర్తుందా? పుట్టిన రోజునే శపించుకుని, దేవుణ్ణి వాదానికి పిలిచిన యోబు మీద కాదు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, నువ్వేదో పాపం చేసి ఉంటావు అని చెప్పిన స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదు అన్నాడు. మీ కూటానికి వచ్చిన ఆయన ఎవరి పక్కన కూర్చున్నాడో నేను చెప్పనక్కర్లేదు.

మనసు బస్సు టైము మీదికి పోతుందంటావా, అయితే బస్సు టైము గురించే ప్రార్థన చెయ్యి. టెక్కలిలో బస్సు మారేటప్పుడు అమ్మకు కూర్చోవడానికి చోటు దొరకాలని అడుగు. మందుల చీటీ ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క మందు పేరూ చదువుతూ అడుగు. నెహెమ్యాను చూడు. రాజుకు ద్రాక్షారసం అందించే పనిలో ఉన్నాడు. రాజు ‘ఏం కావాలి నీకు’ అని అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్యలో నెహెమ్యా దేవుడికి ప్రార్థన చేశాడని రాసి ఉంది. ఎంతసేపు చేసి ఉంటాడు? ఒక గుటక మింగినంతసేపు. ఇదీ ప్రార్థన కిందే రాశారు.

మావారి చేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. మీ అమ్మకూ ఉండి ఉంటుంది. సూదులు గుచ్చే చోట మెత్తగా వేళ్ళు ఆన్చితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నగా రొద తెలుస్తుంది. ఆ రొద ఆగితే నాళం మూసుకుపోయినట్టే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రోజూ చూసుకోమని నర్సు నేర్పింది. రాత్రి లైటు ఆర్పేముందు ఆయన చెయ్యి చాచేవారు, నేను వేళ్ళు ఆన్చేదాన్ని. రొద తగలగానే ‘ఉంది తండ్రీ’ అనేదాన్ని. ఆయనకు చెప్పినట్టూ ఉండేది, దేవుడికి చెప్పినట్టూ ఉండేది. పదకొండో పన్నెండో నెలలకు నా ప్రార్థన మొత్తం ఆ ఒక్క మాటకు వచ్చేసింది. అప్పుడు నేను దిగజారిపోయాననుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

పెదాలే కదులుతాయి అన్నావు. హన్నా పెదాలు కూడా అంతే. 1 సమూయేలు మొదటి అధ్యాయం. పిల్లలు లేరని సవతి ఏటేటా సూటిపోటి మాటలంటుంది. మొగుడేమో ‘పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కాదా’ అంటాడు. పాపం మంచివాడే, కాని ఆ మాట ఓదార్పు కాదని ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఆమె గుడిలో నిలబడి లోపల్లోపల ప్రార్థన చేస్తుంటే పెదాలు కదిలాయి, గొంతు వినబడలేదు. యాజకుడైన ఏలీ అంత అనుభవమున్నవాడు కూడా తాగి వచ్చిందనుకున్నాడు. నేను తాగలేదయ్యా, నా ప్రాణాన్ని దేవుడి ముందు కుమ్మరించుకుంటున్నాను అంది. ఇంకొక్కటి చూడు. ఆమె లేచి వెళ్ళి భోజనం చేసింది, ఆ తర్వాత ముఖంలో ఆ దిగులు లేదు అని రాసి ఉంది. అప్పటికి కొడుకు పుట్టలేదు, కడుపు కూడా పండలేదు. లోపల ఉన్నది బయటికి కుమ్మరించేసింది, ఆకలి వేసింది.

‘తగ్గట్లేదు కాబట్టి ప్రార్థనలో నిజం లేదు’ అన్న లెక్క గురించి ఒక్క మాట. గెత్సేమనేలో యేసు ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని అడిగాడు. మళ్ళీ వెళ్ళి అవే మాటలతో అడిగాడు, మూడుసార్లు. గిన్నె తొలగలేదు. పౌలు తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. వాళ్ళ ప్రార్థనలో నిజం లేదని అనగలమా? మావారు కూడా 2015లో పోయారు. నేను అడిగినది దొరకలేదు. అయినా నువ్వు అడగడం మానకు. అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుడి కథలో ‘సిగ్గుమాలి మాటిమాటికి’ అడిగాడని మెచ్చుకున్నట్టే ఉంటుంది. మీ అమ్మ బాగుపడాలని సిగ్గుమాలి అడుగు. అడిగింది వస్తుందని నేను మాట ఇవ్వలేను. అది నా చేతిలో లేదు, ఆ పెద్దమనిషి చేతిలో అసలే లేదు.

ఇక ‘అది వేరే విషయం’ అని రాశావు చూడు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ అక్కడే ఆగాను. అది వేరే విషయం కాదమ్మా. నీ గొంతు పట్టేస్తున్నది అక్కడే అనుకుంటాను. ఏం జరిగిందో నువ్వు రాయలేదు, నేను అడగను. తోటికోడళ్ళ మధ్య రెండేళ్ళు మాటల్లేకపోవడానికి బంగారమో, పొలమో, ఎవరి పెళ్ళిలోనో పెట్టిన చీరో, ఏదైనా చాలు. ‘నేనూ ఒక మాట అన్నాను’ అని నువ్వే ఒప్పుకున్నావు. పెద్ద మాటే అయి ఉంటుంది, లేకపోతే నాకు రాసేదానివి కాదు.

ఈ విషయంలో యేసు మాటలు రెండు చోట్ల ఉన్నాయి, రెండూ రెండు వైపుల నుంచి వస్తాయి. మార్కు 11లో, నిలబడి ప్రార్థన చేసేటప్పుడు ఎవరి మీదైనా నీకు ఏదైనా ఉంటే క్షమించు అన్నాడు. మత్తయి 5లో తిరగేశాడు. నీ మీద ఎదుటివాడికి ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, నీ అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడి రా అన్నాడు. ఈ మాట వింటున్నవాళ్ళు గలిలయ జనం. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, నూరు కిలోమీటర్లకు పైనే. పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా నడిచి వెళ్ళి, గొర్రెపిల్లను అక్కడ వదిలి, మళ్ళీ నడిచి వచ్చి, అక్కతో మాట్లాడి, మళ్ళీ బరంపురం నడవమన్నట్టు. మీ అక్క ఇల్లు అంత దూరం లేదు.

రేపే వెళ్ళి కాళ్ళ మీద పడమని నేను అనను. ఇప్పటికి క్షమించలేకపోతే ఆ సంగతే మొదట గడియ వేసుకుని చెప్పు. ‘అక్క మీద నాకు కోపం పోలేదు, పోవాలని కూడా పూర్తిగా లేదు’ అని. రోగి అయిన కొడుకును తెచ్చిన తండ్రి, ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అన్నాడు. ఒకే ఊపిరిలో నమ్మకమూ అపనమ్మకమూ రెండూ చెప్పేశాడు. యేసు వాణ్ణి వెనక్కి పంపలేదు. ముందు నువ్వన్న ఆ ఒక్క మాటను మాత్రం వెనక్కి తీసుకో. ఆమె అన్నవి ఆమె లెక్క. నీళ్ళ కుళాయి దగ్గరో, డాబా మీద వడియాలు తీసేటప్పుడో, ‘అక్కా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది’ అని అను. ఆమె ముఖం తిప్పుకుని పోవచ్చు. పోనీ.

యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో మొదటి వరసలో ‘మా తండ్రీ’ అంటాం. తెలుగు చెప్పిన అలవాటు కొద్దీ ఒక సంగతి చెబుతాను. మనకు మా, మన అని రెండు మాటలున్నాయి, చాలా భాషలకు ఈ తేడా లేదు. మన అంటే వింటున్న మనిషి కూడా కలుస్తాడు. మా అంటే నేనూ నా వైపు వాళ్ళూ, వింటున్నవాడు తప్ప. ఇక్కడ వింటున్నవాడు దేవుడు. ఆయన్ని ఒక వైపు ఉంచి మిగతా అందరూ ఇటువైపే. బుధవారం నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా మీ అక్క కూడా నీ ‘మా’లోనే కూర్చుని ఉంటుంది. నీకు ఇష్టమైనా కాకపోయినా. అందుకే నీకు ఆమె ఎదురుగా నోరు రావడం లేదేమో.

మరి ఎలా నేర్చుకోవాలి అంటావా. శిష్యులు కూడా ‘మాకు ప్రార్థన చేయ నేర్పుము’ అని అడిగి నేర్చుకున్నవాళ్ళే. రోజుకొక కీర్తన పైకి చదివి, వెంటనే దాన్ని మీ ఉద్దానం మాటల్లో చెప్పుకో, మీ అమ్మమ్మకు చెబుతున్నట్టు. 13తో మొదలుపెట్టు. ఇంతకంటే నాకు పద్ధతేమీ తెలియదు.

పాప సంగతి. దానికి నువ్వు నేర్పనక్కర్లేదు. ‘అమ్మమ్మకు భల కరిదిఅ.’ అమ్మమ్మ తెలుగు, భల కరిదిఅ ఒడియా, మధ్యలో ఉన్న ‘కు’ మాత్రం రెండు భాషలకూ ఒకటే. ఎవరికి కావాలో, ఏం కావాలో, ఎవరు ఇవ్వాలో అన్నీ అందులో ఉన్నాయి. అడిగేసి నిద్రపోతోంది కూడా. నువ్వూ నేనూ అడిగేసి నిద్రపోము, అదీ తేడా. దిద్దకు.

వచ్చే బుధవారం కూటానికి వెళ్ళు. నీ వంతు వచ్చినప్పుడు ‘దేవా, మాయమ్మకి నయం సెయ్యి. నాకు బయిమేస్తంది. ఆమెన్’ అని కూర్చో. అందరూ ఒక కన్ను తెరిచి చూస్తారు, అయిపోయిందా ఇంకా ఉందా అని. చూడనీ.